ఎక్కడికీ వెళ్లని ఫోటో

జూన్ 3, మంగళవారం

చిరంజీవి గువ్వకు పెద్దమ్మ దీవెనలు.

నువ్వెలా ఉన్నావు? పోయిన ఉత్తరంలో మెడనొప్పి అని రాశావు, తగ్గిందా? రోజంతా ఆ తెర ముందు మెడ వంచుకుని కూర్చుంటే నొప్పి రాక ఏం చేస్తుంది. అల్లుడుగారి కడుపులో మంట ఎలా ఉంది? వేళకి తింటున్నారా, పని అయ్యాకే తింటానంటున్నారా? మీ అత్తగారు మెట్లు దిగుతున్నారా? నేను అడిగానని తప్పకుండా చెప్పు, లేకపోతే వదినగారు నన్ను మర్చిపోయారంటారు ఆవిడ. పాపకి ముందుపళ్లు ఊడాయన్నావు. కొత్తవి వచ్చేటప్పుడు నాలుకతో తోయొద్దని చెప్పు, వంకర తిరుగుతాయి.

ఇక నా సంగతి. బాగున్నానని రాద్దామనే కూర్చున్నాను. కానీ రాయాల్సింది వేరే ఉంది. నువ్వు కంగారు పడకు, కంగారు పడటానికి నేనున్నాను.

నా వీపు మీద ఎడమ రెక్క కింద పుట్టుమచ్చ ఒకటి ఉంది. మీ అమ్మకి తెలుసు, చిన్నప్పుడు దాన్ని గిల్లేది. ఎన్నో ఏళ్లు అది టిచ్ బటనంత ఉండేది. ఈ మధ్య రవిక రాసుకుని మండుతోంది. మొన్న రవిక ఉతకబోతే లోపలివైపు చిన్న రక్తపు చుక్క. చేత్తో తడిమి చూస్తే చొక్కా గుండీ అంత తగిలింది. కాజాలు కుట్టే చెయ్యి కదా, గుండీ కొలతలో నేను పొరపడను.

ఇక్కడి నర్సమ్మకి చూపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నాకు గట్టిగా అరిస్తే తప్ప వినపడదు కాబట్టి మాట్లాడినా ఒకటే, కానీ ఆమె పెదవులు కూడా కదల్లేదు, అదే నన్ను భయపెట్టింది. తర్వాత కాగితం మీద రాసి చూపించింది: మీ అమ్మాయి ఉండే ఊళ్లో చర్మం డాక్టరమ్మ ఉంది, ముందు ఫోటో పంపండి, చూసి అవసరమైనవాళ్లని వెంటనే పిలుస్తుంది, లేకపోతే వరసలో మూడు నెలలు పడుతుంది అని.

పక్కగది టీచరమ్మ తన ఫోన్‌తో ఫోటో తీసింది. కొలత తెలియాలని మచ్చ పక్కన చొక్కా గుండీ ఒకటి అంటించమన్నాను. ఆసుపత్రివాళ్లు ఫోటోలు తీసుకునే దాంట్లో పెట్టబోతే అది తీసుకోలేదు. ఫోటో ఏదో హీక్ రకం అంట, వాళ్లకి జేపీజీ రకమే కావాలంట. హీక్ ఏమిటే, ఎక్కిళ్లకి పేరు పెట్టినట్టుంది. టీచరమ్మకి ఈ మార్చే విద్య తెలియదు, పైగా మర్నాడే రెండు నెలల శిక్షణకని ప్రయాణం. ఇద్దరం జిరాక్సు షాపుకి వెళ్లాం.

"ఇవ్వండమ్మా, ఏదో సైట్లో వేసి రెండు నిమిషాల్లో మార్చేస్తా" అన్నాడు షాపతను. టీచరమ్మ నా చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

"ఆ సైటు ఎవరిది నాయనా?"

"ఎవరిదో. అందరూ అందులోనే వేస్తారు."

"వేసింది అక్కడే ఉండిపోతే ఎవరైనా చూడరా?"

"ముసలాళ్ల ఫోటోలు ఎవరికి కావాలమ్మా" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు.

అతను అన్నది నిజమే కావచ్చు. కానీ గువ్వా, నా వీపు నేనే ఇంతవరకూ చూసుకోలేదు. ఊరూ పేరూ లేని సైటు ముందు చూస్తే ఎలా. టీచరమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కుని వచ్చేశాను.

టీచరమ్మ నీకు ఫోన్‌లోంచి పంపుతానంది. గాలిలో పోయేదాన్ని దారిలో ఎవరైనా పట్టుకోవచ్చు, వద్దన్నాను. తన కంప్యూటర్లోంచి గోరంత కార్డులోకి ఎక్కించి, నా కళ్ల ముందే ఫోన్లోనూ కంప్యూటర్లోనూ చెరిపేసింది. ఆ కార్డు ఈ ఉత్తరంతోనే ఉంది. రవికల గుడ్డ ముక్కతో సంచి కుట్టి, కాజా తీసి, గుండీ పెట్టాను. గుండీ విప్పు, చింపకు.

నువ్వు ప్రెస్సులో బొమ్మలతో పనిచేసేదానివి కదా. మార్చగలవా? మారుస్తారంటే ఏం మారుస్తారు? నా వీపు నా వీపులాగే ఉంటుందా? ఎవరికీ చూపించకు. అల్లుడుగారికి అసలే వద్దు.

నీ పెద్దమ్మ

తాజాకలం: నాకేం భయం లేదు. రెండు రాత్రులుగా నిద్ర లేదంతే.


జూన్ 9, సోమవారం

పెద్దమ్మకు గువ్వ నమస్కారాలు.

నా మెడ బాగుంది. ఆయన వేళకి తింటున్నారు, నేను ఎదురుగా కూర్చుంటేనే. మా అత్తయ్య నువ్వు అడిగావన్నందుకు మురిసిపోయి మోకాలి సంగతి అరగంట చెప్పారు. పాప పళ్లు ఇంకా రాలేదు.

నీ సంచి చూసి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అంత చిన్న కాజా ఎలా కుట్టావు? గుండీ విప్పే తీశాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఫోటోలో నీ వీపేమీ మారదు. ఒకే మాటని పలకమీద రాసినా కాగితం మీద రాసినా మాట ఒకటే కదా, అలాంటిదే. హీక్ రకం కొన్ని ఫోన్లకే అర్థమవుతుంది. జేపీజీ అందరికీ అర్థమవుతుంది.

మా ప్రెస్సులో సీసాల మీద అంటించే లేబుళ్లు అచ్చువేస్తాం. రోజూ ఒక్కొక్కళ్లు ఒక్కో రకంలో బొమ్మలు పంపుతారు, మార్చుకుంటూ ఉండటమే నా పని. ఇంకా అమ్మకానికి రాని సరుకు బొమ్మలు కూడా వస్తాయి, బయటి సైట్లలో వేస్తే మా మేనేజరు ఊరుకోడు. అందుకని మేము వాడే పేజీ వేరు. అది మన కంప్యూటర్లోకి వచ్చి, ఇక్కడే కూర్చుని, ఇక్కడే మార్చి ఇస్తుంది. బొమ్మని బయటికి తీసుకుపోదు.

నీ ఫోటో ప్రెస్సులో తెరవలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో, గది తలుపు గడియ పెట్టుకుని చేశాను. ఎవరో చెప్పింది నమ్మడమెందుకని, ముందు ఆ పేజీ తెరిచి, ఆ తర్వాత ఇంట్లో నెట్ వచ్చే పెట్టె వైరు పీకేశాను. పక్కగదిలోంచి మీ అల్లుడు, "ఏమైంది దీనికి, సరిగ్గా ఇప్పుడే చావాలా" అని కేకలు. "అయిదు నిమిషాలు ఆగండి, చచ్చింది మళ్లీ బతుకుతుంది" అన్నాను. బయటికి దారే లేనప్పుడు కూడా ఫోటో చక్కగా మారింది. అంటే అది బయటికి పోనవసరం లేదన్నమాటే కదా.

సైజు కూడా బాగా తగ్గింది, నాలుగో వంతుకి వచ్చేసింది. ఫోటో ఎప్పుడు తీశారో, ఏ ఊళ్లో తీశారో లోపల దాగి ఉంటుంది, అది కూడా చెరిపేశాను. తర్వాత వైరు పెట్టి, మారిన ఫోటోని ఆసుపత్రి పేజీలో పెట్టేశాను. కార్డులోదీ నా కంప్యూటర్లోదీ తుడిచేశాను.

నువ్వింక నిద్రపో. నీ ఫోటో ఎక్కడికీ వెళ్లలేదు. కావాలంటే సంతకం పెట్టి ఇస్తాను.

గువ్వ


జూన్ 14, శనివారం

చిరంజీవి గువ్వకు పెద్దమ్మ దీవెనలు.

పాప పళ్లు ఇంకా రాలేదంటే నాకు దిగులుగా ఉంది. ఎన్ని రోజులైంది? అల్లుడుగారి కేకలు చదివి నవ్వుకున్నాను, పాపం, చూస్తున్నదేదో మధ్యలో ఆగిపోతే ఎవరికైనా కోపమే. వదినగారికి ఒక మాట చెప్పు, మెట్లు దిగేటప్పుడు బాగున్న కాలు ముందు పెట్టకూడదు, నొప్పి కాలే ముందు పెట్టాలి.

ఎక్కడికీ వెళ్లలేదన్న మాట దగ్గర వేలు పెట్టి నాలుగుసార్లు చదివాను. ప్రాణం లేచి వచ్చింది. ఆ రాత్రి పడుకుంటే పాలవాడు తలుపు కొట్టేదాకా మెలకువ లేదు. పేజీలో పెట్టేశానన్నావు, మంచి పని చేశావు. ఏ పుస్తకంలోదో గుర్తుపెట్టుకో, చెదలు పట్టకుండా చూడు. వర్షాలొస్తున్నాయి.

కానీ ఒక్క సంగతి నన్ను తినేస్తోంది. సైజు నాలుగో వంతుకి తగ్గిందన్నావు. ఎందుకు తగ్గించావే? నా మచ్చ చొక్కా గుండీ అంత. నాలుగో వంతంటే మళ్లీ టిచ్ బటనే. డాక్టరమ్మ అది చూసి, ఇంత చిన్నదానికి నన్నెందుకు విసిగిస్తారు, అంటే? పోనీ పక్కన పెట్టిన గుండీ కూడా చిన్నదైపోయిందా? అలా అయితే ఆవిడకి కొలత తెలుస్తుందేమో. లేక గుండీ అలాగే ఉండి మచ్చ ఒక్కటే తగ్గిందా? మా కుట్టు షాపులో కత్తిరిస్తూ ఇదే ఆలోచిస్తున్నాను. నిన్న ఒక పెద్దమనిషి చొక్కాకి కాజాలు ఒక గుండీ తప్పించి కుట్టేశాను. వేసుకుంటే ఒక పక్క పైకి, ఒక పక్క కిందకి వచ్చింది. షాపు ఆవిడ, "పెద్దమ్మగారూ, ఈయన వంకరగా లేడండీ, చొక్కా ఎందుకు వంకరగా కుట్టారు" అంది. మొత్తం విప్పి మళ్లీ కుట్టాను.

తగ్గింది తగ్గినట్టు మళ్లీ పెంచడం కుదురుతుందా? కుదిరితే పెంచు.

మచ్చ మంటగా ఉంది కానీ రక్తం రాలేదు. వచ్చినా ఎక్కువ రాలేదు.

నీ పెద్దమ్మ


జూన్ 18, బుధవారం

పెద్దమ్మకు గువ్వ నమస్కారాలు.

నీ చెదల మాట చదివి ప్రెస్సులో అందరికీ వినపడేలా నవ్వాను. నువ్వు హాస్యమాడుతున్నావంటే ధైర్యం వచ్చిందన్నమాట, నాకు అదే చాలు.

సైజు అంటే ఫోటో బరువు, మచ్చ కొలత కాదు. చుట్టూ ఉన్న అక్కర్లేని గోడ కత్తిరించేశాను, అందుకే తగ్గింది. చీర చుట్టూ ఉన్న అట్టపెట్టె తీసేస్తే తక్కువ చోటు పడుతుంది, చీర అదే చీర. ఇంకాస్త నిజం చెప్పాలంటే, జేపీజీగా మార్చేటప్పుడు కంటికి ఆననంత సన్నటి వివరాలు కొన్ని పోతాయి. అందుకే ఎంత నాణ్యంగా ఉండాలని అది అడిగే చోట దాదాపు చివరిదాకా జరిపాను. మచ్చ అంచూ రంగూ స్పష్టంగా ఉన్నాయి. గుండీ నాలుగు కన్నాలూ లెక్కపెట్టొచ్చు. మచ్చ గుండీ కన్నా కొంచెం పెద్దదే. నువ్వు సరిగ్గానే తడిమావు.

ఒక పెద్ద దుకాణంవాళ్లు లేబుళ్లన్నీ కొత్త రంగులో కావాలన్నారు, ఈ పదిరోజులూ తల ఎత్తడానికి లేదు. అందుకే పొట్టిగా రాస్తున్నాను. కబురు రాగానే బయల్దేరు పెద్దమ్మా. షాపులో పని ఉందనీ, గదికి తాళం సరిగ్గా పడదనీ వంకలు చెప్పకు. నీ మంచం ఎప్పుడో సర్దాను.

రక్తం "వచ్చినా ఎక్కువ రాలేదు" అని రాశావు. వచ్చిందా, రాలేదా?

గువ్వ


జూన్ 28, శనివారం

పెద్దమ్మకు,

నిన్న ఇరవై ఏడున ఆసుపత్రివాళ్లు నిన్ను పిలిచారు. నీకు కాగితం పోస్టులో పంపామన్నారు. నేను ప్రెస్సుకి సెలవు పెట్టి పొద్దున ఏడింటి నుంచి బస్టాండులో నిలబడ్డాను. మూడు బస్సులు చూశాను. నీలాంటి నడక నడిచే ఆవిడ ఒకామె దిగితే పరుగెత్తాను, ఆవిడ జడుసుకుంది. తర్వాత ఆసుపత్రికి వెళ్లి కూర్చున్నాను, దారి తప్పి నేరుగా అక్కడికే వచ్చావేమోనని. రెండుసార్లు పిలిచారు. మూడోసారి పిలవలేదు.

సాయంత్రం షాపుకి ఫోన్ చేస్తే నీకిచ్చారు. "పెద్దమ్మా, ఎందుకు రాలేదు" అని గొంతు చించుకుంటే, "ఆ, ఆ, అందరం బాగున్నాం, పాపకి పళ్లొచ్చాయా" అని పెట్టేశావు.

డాక్టరమ్మ దగ్గర కూర్చునే అమ్మాయి నాతో, "ఫోటో చూసిన రోజే తొందరగా పిలవమన్నారండీ, అందరినీ అలా పిలవరు" అంది. 

నీకు రావడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని రాయి. నేను ఫోటో విషయంలో మాట తప్పానని అనుమానమైతే అదీ రాయి. ఊరుకోవద్దు.

గువ్వ


జూలై 2, బుధవారం

చిరంజీవి గువ్వకు పెద్దమ్మ దీవెనలు.

నువ్వు ఎలా ఉన్నావో తర్వాత అడుగుతాను. ఏడింటి నుంచి నిలబడ్డావా తల్లీ? ఏమైనా తిన్నావా?

నీ మీద అనుమానమా? నిన్ను నమ్మబట్టే కదా నేను రాలేదు.

ఇరవై నాలుగున కాగితం వచ్చింది. "మీరు పంపిన ఫోటో డాక్టరుగారు చూశారు, ఇరవై ఏడో తేదీ రావలెను" అని అచ్చులో ఉంది. నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. నా ఫోటో ఎక్కడికీ వెళ్లలేదని నువ్వు రాశావు. సంతకం పెట్టి ఇస్తానన్నావు. పేజీలో పెట్టానన్నావు. ఇక వాళ్లు చూసింది ఎవరి ఫోటో? ఊరు కూడా చెరిపేశానన్నావు, మరి నా గది నంబరు వాళ్లకెలా తెలుస్తుంది? షాపు ఆవిడని అడిగితే, "ఈ రోజుల్లో కాగితాలు ఒకరివి ఒకరికి పోవడం మామూలేనండీ" అంది.

అప్పుడు నాకు అనిపించింది, ఇది నాలాగే మచ్చ ఉన్న ఇంకో ఆవిడ కాగితం అని. ఆవిడ రోజూ పోస్టు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. నేను వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటే ఆవిడ వంతు పోతుంది. అసలే తొందరగా రమ్మన్నారు. ఒకవేళ అది చెడ్డ మచ్చ అయితే ఆవిడ గతి ఏమిటి? ఆవిడకి పిల్లలున్నారో ఏమో. అందుకని కాగితం వెనక, "ఇది నాది కాదు. అసలావిడ ఎవరో వెతికి వెంటనే పంపండి. ఆలస్యం చేస్తే ఆవిడకి ప్రమాదం" అని రాసి, ఆ మర్నాడే పోస్టులో వేసేశాను. రెండు బిళ్లలు ఎక్కువే అంటించాను, దారిలో ఆగకూడదని.

నా ఫోటో నువ్వు ఎప్పుడు పంపుతావా, కబురు ఎప్పుడు వస్తుందా అని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. నీకు పని ఎక్కువగా ఉంది, తొందరపెట్టకూడదనుకున్నాను. ఫోన్లో నువ్వు అరుస్తుంటే పాపకి పళ్లొచ్చాయని సంతోషంతో చెబుతున్నావనుకున్నాను.

ఇప్పుడు చెప్పు. వెళ్లిందా, వెళ్లలేదా?

రక్తం వచ్చింది. రెండుసార్లు.

నీ పెద్దమ్మ


జూలై 6, ఆదివారం

పెద్దమ్మకు గువ్వ నమస్కారాలు.

వెళ్లింది. డాక్టరమ్మ దగ్గరికి ఒక్కచోటికే వెళ్లింది. తప్పు నాది, ఆ మాట ముందు రాయాలి.

"ఎక్కడికీ వెళ్లలేదు" అన్నది మార్చేటప్పటి సంగతి. నేను రాసేటప్పుడు నా బుర్రలో ఉన్నదంతా నీకు కూడా తెలిసినట్టే రాశాను. పేజీ అంటే పుస్తకంలో కాగితం కాదు, ఆసుపత్రివాళ్లు తెర మీద తెరిచి ఉంచే కిటికీ లాంటిది, అందులోంచి లోపలికి అందిస్తాం. నీ పేరూ గది నంబరూ నేనే అక్కడ రాశాను. చెరిపింది ఫోటో లోపల దాగిన ఊరు మాత్రమే. చెదలని రాస్తే హాస్యమనుకున్నాను చూడు, నన్నేమనాలి.

నీ భాషలో చెబుతాను. జిరాక్సు షాపతను చేస్తానన్నది, గుడ్డని ఎక్కడో ఉన్న దర్జీకి పంపి కుట్టించడం. అతను ముక్క దాచుకుంటాడో, పదిమందికి చూపిస్తాడో మనకి తెలియదు. నేను చేసింది, దర్జీని కత్తెరతో సహా మన గదిలోకి పిలిపించి, బయట గడియ పెట్టించి కుట్టించడం. పని అయ్యాక అతను ఖాళీ చేతులతో పోయాడు. కుట్టిన రవికని ఆ తర్వాత ఒకే ఒక్క మనిషికి, అడిగిన డాక్టరమ్మకి, నేను అందించాను. ఇవి రెండు వేరువేరు పనులు. రెండూ కలిపి ఒక్క వాక్యంలో చుట్టేశాను.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. కౌంటరు అమ్మాయి నన్ను చూడగానే, "మేడమ్, ఇది మీ పెద్దమ్మగారి చేతిరాతేనా? వారం రోజులుగా మేమందరం అసలావిడని వెతుకుతున్నాం" అని నీ కాగితం తీసింది. గోడకి గుచ్చిపెట్టారు. లోపలికి వెళ్తే డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వడం ఆపి, "ఆవిడ రాసింది నిజమేనమ్మా, ఆలస్యం చేస్తే ప్రమాదమే. ఆ అసలావిడని మీరే వెతికి తీసుకురండి" అంది.

దాచకుండా రాస్తున్నాను, దాస్తే నువ్వు ఇంకా ఎక్కువ ఊహించుకుంటావు. మచ్చ అంచు ఒక పక్క చెదిరినట్టుంది, రంగు రెండు రకాలుగా ఉంది. ఆవిడకి అది నచ్చలేదు. అక్కడికక్కడ మొద్దుబారే సూది ఇచ్చి, చుట్టూ కొంచెం మేర కోసి, పరీక్షకి పంపుతుంది. అరగంట పని. చెడ్డదో కాదో అప్పుడే తెలుస్తుందని, ఇప్పుడు తను చెప్పనని అంది. చెడ్డదైనా ఇప్పుడు తీస్తే మాట వేరు, ఆరు నెలలకి తీస్తే మాట వేరు అంది. ఆ గదిలో ఆవిడా, ఒక నర్సూ తప్ప ఎవరూ ఉండరు. నేను అడిగాను.

మంగళవారాలూ గురువారాలూ కోస్తుంది. ఏ రోజైనా నీకు చోటు ఇస్తానంది. రోజు నువ్వే చెప్పు. ఈసారి నేను నా మాటల్లో రాసి మళ్లీ గందరగోళం చెయ్యను.

గువ్వ


జూలై 11, శుక్రవారం

చిరంజీవి గువ్వకు పెద్దమ్మ దీవెనలు.

పాప పళ్లు వచ్చాయో లేదో ఈ గొడవలో నువ్వూ రాయలేదు, నేనూ అడగలేదు. వచ్చాక చూస్తాను.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది.  నువ్వు దాచకుండా రాశావు చూడు, అది మంచి పని. ఇదివరకు ఎవరూ నాకలా రాయలేదు. అందరూ ఏం లేదు, ఏం లేదు అనేవాళ్లు, నేను రాత్రంతా కూర్చుని ఆ ఏం లేదులో ఏముందో వెతుక్కునేదాన్ని.

బుధవారం షాపు మూసే వేళకి ఆవిడని అడిగాను, కొలతలు చూసుకునే గదిలో కాసేపు ఉంటానని. అక్కడ నిలువుటద్దం ఉంది. దానికి వీపు పెట్టి, చేతద్దం ముందు పట్టుకుని, అటూ ఇటూ తిప్పితే కనపడింది. మొదటిసారి చూశాను గువ్వా. వీపు ఇంత వంగిపోయిందని నాకు తెలియదు. ఆ జిరాక్సు షాపతను అన్నట్టు ఎవరికీ అక్కర్లేని వీపే. కానీ నలభై ఏళ్లు మిషను ముందూ సూది ముందూ వంగి సంపాదించి పెట్టింది అదే కదా. పాపం దాన్ని నేను ఒక్కసారి పలకరించలేదు. మచ్చ కూడా చూశాను. నువ్వు రాసినట్టే ఉంది, ఒక పక్క కుట్టు ఊడినట్టు.

షాపు ఆవిడ బయటనుంచి తలుపు కొట్టి గట్టిగా, "పెద్దమ్మగారూ, ఏం చేస్తున్నారండీ లోపల ఇంతసేపు" అంది.

"ఆసుపత్రివాళ్లు ఒకావిడని వెతుకుతున్నారమ్మా, దొరికింది" అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. తలుపు తీసి, ఆమెకి కూడా చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "ఇన్నాళ్లూ ఇది పెట్టుకుని నాకు కాజాలు కుట్టారా" అంది. ఈ నెల పని మొత్తం తనే చూసుకుంటానంది.

డాక్టరమ్మతో ఒక మాట చెప్పు. ఆవిడ కోసేటప్పుడు నువ్వు తలుపు బయట కాకుండా లోపలే ఉండాలి, నా తలవైపు. నాకు వినపడదు కదా, ఆవిడ తిరగమంటే తిరగాలో, ఊరుకోమంటే ఊరుకోవాలో నీ మొహం చూస్తేనే తెలుస్తుంది. నువ్వు చూస్తావని నాకిప్పుడు సిగ్గు లేదు. ఫోటోని అంత జాగ్రత్తగా చూసుకున్నదానివి, మనిషిని చూసుకోలేవా.

భయం ఉంది. లేదని రాయను. బస్సులో వాంతి అవుతుందని భయం, గదికి తాళం పడలేదని భయం, ఆ పరీక్షలో ఏం వస్తుందోనని భయం. మూడూ తీసుకునే వస్తున్నాను, ఒకటి వదిలేస్తే మిగతా రెండూ ఊరుకోవు.

తారీఖు నేనే చెప్పమన్నావు కాబట్టి, పొరపాటు లేకుండా రాస్తున్నాను. నర్సమ్మ చేత ఆసుపత్రికి ఫోన్ చేయించాను, వాళ్లు రాసుకున్నారు. వచ్చేది నేనే, నా వీపుతో, ఇంకెవరి బదులూ కాదు. పదహారు, బుధవారం, పొద్దున ఎనిమిదిన్నర బస్సులో ఎక్కుతాను, మధ్యాహ్నం రెండింటికి దిగుతాను. కోసేది పదిహేడు, గురువారం, పది గంటలకి.

నీ పెద్దమ్మ